ఓయూలో నెట్ పోయినా దారి తప్పరు!

తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే కొత్తవాళ్లు ఫోన్ తీసి ‘ఉస్మానియా’ అని కొడతారు. మెలిక అక్కడే ఉంది. యూనివర్సిటీ ఇక్కడ, ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా మెడికల్ కాలేజీ కోఠిలో! పోనీ ‘ఆర్ట్స్ కాలేజీ’ అని కొడదామంటే, ఆ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా ఉంది. 1939లో ప్రారంభమైన గులాబీ రంగు రాతి భవనం వేరే, రైలాగే చోటు వేరే.

ఊరి నుంచి పరీక్ష రాయడానికో, సర్టిఫికెట్ల పరిశీలనకో వచ్చినవాళ్లకి ఇదేం చిన్న విషయం కాదు. నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసే పరీక్షలు మనవి. సరిగ్గా అప్పుడే ఆ రోజు డేటా కాస్తా అయిపోతే?

కంగారు అక్కర్లేదు. డేటా పోయినా జీపీఎస్ పోదు. దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సిగ్నల్‌ని ఫోన్ నేరుగా అందుకుంటుంది. మీరున్న చోట నీలిచుక్క కనిపిస్తూనే ఉంటుంది. లేనిదల్లా ఆ చుక్క కింద మ్యాపే. దాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఏ యాప్‌లో? గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కితే ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’ వస్తుంది. హైదరాబాద్‌ని అందులో దాచుకోవచ్చు. షాపులు, హాస్టళ్ల పేర్లు వెతకడంలో దీనిదే పైచేయి. కానీ నెట్ లేనప్పుడు డ్రైవింగ్ రూటే చూపిస్తుంది. నడక దారి, బస్సు, మెట్రో వివరాలు, ట్రాఫిక్ ఏవీ రావు.

వెయ్యి ఎకరాలు దాటిన క్యాంపస్‌లో మనకి కావాల్సింది నడక దారే కదా! అక్కడ ఆర్గానిక్ మ్యాప్స్ పనికొస్తుంది. యాడ్స్ ఉండవు, డబ్బులు కట్టక్కర్లేదు. చెట్ల మధ్య కాలిబాటని కూడా నెట్ లేకుండానే చూపిస్తుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దీనికి ఆధారం. వికీపీడియాలాగే దాన్నీ వలంటీర్లే నింపుతారు. అదే మ్యాప్ వాడే ఓస్మాండ్‌లో సెట్టింగులు ఎక్కువ, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. రెండింటికీ ఒకటే లోటు. ఎవరో ఒకరు గీసిన దారే అందులో ఉంటుంది, గీయని సందు ఉండదు.

కాబట్టి రెండు రకాలూ ఉంచుకోండి. తార్నాక దాకా బండి మీద వస్తే గూగుల్, గేటు దాటాక ఆర్గానిక్. ముందురోజు రాత్రి వైఫైలో రెండూ దించుకుని, వెళ్లాల్సిన బిల్డింగ్‌ని బుక్‌మార్క్ చేయండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, దారి చూపిస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోండి. మెట్రో, ఎంఎంటీఎస్ టైమింగులకి స్క్రీన్‌షాట్ చాలు.

ఒక్కటి మాత్రం ఏ ఆఫ్‌లైన్ మ్యాప్‌కీ తెలియదు, ఈరోజు ఏ గేటు తెరిచారో! దానికి సెక్యూరిటీ అన్ననో, చాయ్ తాగుతున్న స్టూడెంట్‌నో అడగాల్సిందే. అడిగేటప్పుడు ‘ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్’ అనండి. లేకపోతే రైల్వేస్టేషన్‌కి దారి చూపిస్తారు!