తిరుత్తణిలో రెండు గిటార్లు

తిరుత్తణి వెళ్ళి వచ్చామంటే దర్శనం బాగా జరిగిందా అని అడుగుతారు ఎవరైనా. ఈసారి మేము దర్శనంతోపాటు మరొక పని కూడా పెట్టుకుని వెళ్ళాము. రెండు గిటార్లు మోసుకుపోయి, వాటిలో ఏది కొనాలో తేల్చుకుని రావడమే ఆ పని. గుమాస్తా కుటుంబానికి గిటారేమిటని పాఠకులు నవ్వవచ్చు. మొదట మేమూ నవ్వినవాళ్ళమే.

మా పెద్దవాడు ఇంజనీరింగు కాలేజీలో చేరబోతున్నాడు. హాస్టలుకు పోయేముందు వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. తెలిసినవాళ్ళ దగ్గర రెండు పాత గిటార్లు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి మహాగనిది, పన్నెండు వేలు. రెండోది రోజ్‌వుడ్‌ది, పద్దెనిమిది వేలు. ఒక ఆదివారం ఉంచుకుని చూసుకోండని ఇద్దరూ మర్యాదగా ఇచ్చారు. ఆరువేల తేడా మా ఇంట్లో చిన్నదేమీ కాదు. ఆఫీసు సహకార సంఘంలో ఎంత అప్పు తీసుకోవాలన్నది దానినిబట్టే ఉంటుంది.

"చెక్క సంగతి మా అన్నయ్యను అడుగుదామండీ" అన్నది మా ఆవిడ. మా బావగారు తిరుత్తణిలో వడ్రంగం చేస్తారు. ఆయన మాట మీద మాకు గురి.

మేముండేది తిరువళ్ళూరులో, వీరరాఘవస్వామి కోనేటికి దగ్గరలో. అమావాస్య వస్తే ఆ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. రోగాలు కరిగిపోవాలని మొక్కుకుని భక్తులు కోనేట్లో బెల్లం వేస్తారు. ఆవేళ అమావాస్య కాదు గనుక సుఖంగా స్టేషను చేరి, అరక్కోణం మీదుగా తిరుత్తణి పోయే బండి ఎక్కాము. కడంబత్తూరు, తిరువాలంగాడు దాటాక ఎదురు బల్ల మీది పెద్దాయన మా పెట్టెలు చూసి, లోపల ఏమున్నదని అరవంలో అడిగారు. మా తల్లీకొడుకుల మాటలు వినగానే తెలుగులోకి దిగిపోయారు. ఈ లైనులో ఇది మామూలే. 1960 మార్చి ఆఖరుదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఏప్రిల్ 1 నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఊరు ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మారింది. ఇళ్ళలో మాట మాత్రం మారలేదు.

పెట్టెలు బావగారింట్లో దించి కొండెక్కాము. మెట్లు 365, ఏడాదికెన్ని రోజులో అన్ని. ఈ కొండ మీదనే ముత్తుస్వామి దీక్షితులవారికి సుబ్రహ్మణ్యస్వామి ముసలివాని రూపంలో కనిపించి నోట్లో కలకండ పెట్టాడనీ, అప్పుడే ఆయన తొలి కీర్తన వెలువడిందనీ ఐతిహ్యం. గురుగుహ అన్న ముద్ర ఆయనకు ఈ స్వామి వల్లనే వచ్చింది. ఈ కథ మా ఆవిడ మావాడికి మెట్టుమెట్టుకూ చెప్పింది. పెళ్ళికి ముందు ఆమె ఈ ఊళ్ళోనే పాట నేర్చుకుంది. సంసారంలో పడి ఎన్నో ఏళ్ళయింది, నోరు విప్పి పాడగా మేము వినలేదు.

భోజనాలయ్యాక బావగారు చాపమీద రెండు గిటార్లూ పెట్టుకుని కూర్చున్నారు. "రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. అరవంలో ఈట్టి అంటారు బావా. చేవగల కట్టె, బరువు. మహాగని తేలిక, ఉలికి హాయిగా లొంగుతుంది" అన్నారు. లెక్కలో చెప్పాలంటే ఘనపు మీటరు జిట్రేగి సుమారు 830 కిలోలు, మహాగని సుమారు 590 కిలోలు తూగుతాయి. మహాగని అమెరికా ఖండపు చెట్టు. 1795లో కలకత్తా తోటకు వచ్చింది. జిట్రేగి మనది. అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ బదులు మన రోజ్‌వుడ్ పట్టుకున్నారు. వాళ్ళ చెట్టు ఇక్కడికి, మన చెట్టు అక్కడికి!

గిటారు పట్టేవాళ్ళు చెప్పే మాట ఇది. రోజ్‌వుడ్‌లో మంద్రస్వరాలు లోతుగా పలుకుతాయి. స్వరం వెంట సన్నని అనుధ్వనులు వచ్చి, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. మహాగనిలో స్వరం పొడిగా, సూటిగా వచ్చి త్వరగా ఆగుతుంది. మధ్యస్వరాలు బాగా తేలుతాయి.

బావగారు ఇవన్నీ విని, టార్చిలైటు తెమ్మని, గుండ్రటి కంతలోంచి లోపలికి చూశారు. వీపు చెక్క మీద బయట కనిపించే నారగీత లోపల అదే చోట ఉండాలట. రెండింటిలోనూ లేదు. "అల్లుడూ, రెండూ ప్లైవుడ్డేరా. మీద పల్చటి పొర మాత్రం మహాగని, జిట్రేగి. ముందుపలక ఒక్కటీ రెండింటికీ అసలు చెక్క" అన్నారు. ఈ ధరల్లో ఇది సాధారణమే. అయినా మావాడి ముఖం చిన్నబోయింది.

"అయితే పరీక్ష ఎందుకు మామయ్యా?"

"చెక్క పేరుతో నీకేం పని? చెవితో చూడు."

మావాడు రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు బిగించాడు. మేము ముగ్గురం గోడవైపు తిరిగి కూర్చున్నాము. వాడు తారుమారు చేస్తూ పదిసార్లు వాయించాడు. మేము పదిలో అయిదు సరిగా చెప్పాము. అంటే బొమ్మాబొరుసూ వేసినట్టే. బావగారు ఆరు. మా ఆవిడ తొమ్మిది చెప్పింది! తేడా ఉన్నదన్నమాటే. అది మాబోటి చెవులకు అందేది కాదు. శబ్దం మాటకొస్తే, పక్కన కూర్చుంటే రోజ్‌వుడ్‌దే పెద్దగా తోచింది. వీధిలో వేపచెట్టుదాకా నడిచి వింటే ఏది పెద్దదో చెప్పలేకపోయాము.

ఆ తేడా వీపు చెక్కదేనా? తీగల కదలిక బ్రిడ్జి ద్వారా ముందుపలకకు వెళ్ళి, ఆ పలక గాలిని కదిలిస్తేనే ధ్వని పుడుతుంది. వీపు, పక్కలు దానికి కొంత రంగు పూస్తాయి, అంతే. 1862లో స్పెయిన్‌లో టోరెస్ అనే పనివాడు వీపు, పక్కలు అట్టతో చేసి గిటారు పలికించి చూపించాడు. 2018లో ఇంగ్లండులో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వీపు, పక్కల చెక్క మాత్రమే వేరుగా ఉన్న ఆరు గిటార్లు చేయించి, 52 మంది వాద్యకారుల చేత చూడకుండా వాయింపించారు. వాళ్ళు ఇచ్చిన మార్కులలో పెద్ద తేడా రాలేదు. మహాగని కూడా ఖరీదైన రోజ్‌వుడ్‌లకు తీసిపోలేదు.

మరి ఏది కొనడం? తేలిక దారి బావగారే చూపారు. "అమ్మాయీ, నువ్వొక పాట పాడు. వాడు వాయిస్తాడు."

చాలాసేపు బతిమాలించుకుని ఆమె దీక్షితులవారి నోట్టుస్వరాలలో ఒకటి ఎత్తుకుంది. ఆయన మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషు బ్యాండు వరసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారే పడమటి ఫిడేలును మన సంగీతానికి తెచ్చినవారిలో మొదటివారు. ఇక గిటారుకు తెలియని వరస ఎందుకవుతుంది? మావాడు రెండు నిమిషాల్లో అందుకున్నాడు.

రోజ్‌వుడ్‌ది నిండుగా మోగింది. ఒక్కటే వాయిస్తే దానికే మా ఓటు. కాని ఆ మోతలో ఆమె గొంతు మునిగింది. రెండోసారి మహాగని పట్టాడు. స్వరం పలికి పక్కకు తప్పుకునేది. ఆమె మాట ప్రతి అక్షరమూ విడిగా వినిపించింది. ఈ గిటార్లు రెండూ అలా పలికాయే గాని, మహాగనులన్నీ ఇలాగే ఉంటాయని మేము అనము. ఆమె పాట ముగిసేసరికి పక్కింటివాళ్ళు గడపలో ఉన్నారు. మావాడు రోజ్‌వుడ్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాడు. అప్పు ఆరువేలు తగ్గింది. పిల్లవాడు మా కోసం సర్దుకున్నాడేమోనని ఒక అనుమానం మాకు ఇప్పటికీ ఉంది. అడిగితే నవ్వుతాడు.

పిల్లలకు గిటారు కొనబోయే మన కుటుంబాలవారికి ఒక మాట. ముందుపలక అసలు చెక్కా కాదా చూడండి. కొత్త తీగలు వేయించి వినండి. ఒంటిగా వాయించడానికా, పాటకు తోడుగానా అన్నది ముందే తేల్చుకోండి. చెక్క పేరు ఆఖరున అడగవచ్చు.

మావాడు హాస్టలులో ఉన్నాడు. ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాడు. ఫోనులో తాళం అర క్షణం వెనకబడుతుంది గనుక ఇద్దరూ కలిసి సాగలేరు. వాళ్ళమ్మ ఒక చరణం పాడి ఆగుతుంది. తరువాత అవతల నుంచి గిటారు మోగుతుంది. ఆ కాసేపు మేము టీవీ కట్టేసి కూర్చుంటాము.