గవిని బయట

మా జేజికి అక్షరం ముక్క రాదు. కానీ బైబిల్లో రెండవ రాజుల గ్రంథం ఏడో అధ్యాయం ఆమెకు నోటికొచ్చు. మా మాదిగ్గేరిలో రేకుల కొట్టమే గుడి. ఆదివారం పొద్దున పాస్టరు చెప్పిన కథను రాత్రి సంగటి గెలుకుతా మాకు మళ్ళీ చెప్పేది.

షోమ్రోను పట్టణం చుట్టూ సిరియా సైన్యం దిగింది. లోపల కరువు. గాడిద తలకాయ ఎనభై వెండి నాణేలకు అమ్మిన కరువు. పట్టణం గవిని బయట నలుగురు కుష్ఠరోగులు కూర్చోని ఉంటారు. ధర్మశాస్త్రం ప్రకారం వాళ్ళు జనం మధ్య ఉండకూడదు. మేం అపవిత్రులం అని తామే కేకేసి చెప్పుకోవల్ల. ఇక్కడికి రాగానే జేజి తెడ్డు ఆపి, "మన తాతల మాదిరేరా" అనేది.

లోపలికి పోయినా చావే, ఇక్కడ కూర్చున్నా చావే అనుకోని ఆ నలుగురూ శత్రువుల దండులోకే పోతారు. చూస్తే దండులో మనిషి లేడు. రథాల చప్పుడేదో వినపడి రాత్రికి రాత్రే పారిపోయినారు. గుడారాల్లో తిండి అట్లే ఉంది. కడుపునిండా తిన్నారు, వెండీ బంగారం దాచుకున్నారు. అప్పుడు తోచింది వాళ్ళకు, ఊరంతా ఆకలితో చస్తావుంటే మనం నోరు మూసుకోనుండేది తప్పని. తమను వెళ్ళగొట్టిన ఊరికే తిరిగొచ్చి, గవిని బయటే నిలబడి, కావలివాళ్ళకు కేకేసి చెప్పినారు. ఊరు బతికింది.

పాస్టరు అక్కడ ఆపి, మనం కూడా అట్లే సువార్త చెప్పాలని ముగించేవాడు. ఒక ఆదివారం మా జేజి లేచి నిలబడింది. "అయ్యగారూ, మరి ఆ నలుగుర్నీ లోపలికి రానిచ్చిరా?"

పాస్టరు పుస్తకం తిరగేసినాడు. రాజుగారి అధికారి గవిని దగ్గర జనం కాళ్ళ కింద పడి చచ్చిపోయిన సంగతి ఉంది. పిండి ఎంతకు అమ్మిందీ, యవలు ఎంతకు అమ్మిందీ ఉంది. ఆ నలుగురి సంగతి లేదు. "అది రాయలేదమ్మా" అన్నాడు.

"యాడ రాస్తారు! రాసినోళ్ళు లోపలోళ్ళు గదా" అని కూర్చుంది జేజి.

జేజి సంగతే ఇంకొకటి చెప్పాల. ఆమెకు గుళ్ళో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకొక పేరు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులైన అంటరానివాళ్ళనే షెడ్యూల్డ్ కులాలుగా లెక్కగట్టింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపినారు. ఏసు పేరు చెప్పుకునే మాదిగోడు మాత్రం కాగితంలో మాదిగోడు కాడు. ఊళ్ళో మాత్రం మాదిగోడే. కాగితానికీ ఊరికీ మధ్య బతకడం మాకు ఉగ్గుపాలతోనే అబ్బింది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చింది నేనే మొదలు. పట్టాతోపాటు పుస్తకాల పిచ్చి కూడా వచ్చింది. ఏ పుస్తకం తెరిచినా జేజి ప్రశ్న వెంటబడుతుంది.

'మాలపల్లి' చదివినాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చోని రాసి, 1922లో అచ్చేస్తే, తెల్ల ప్రభుత్వం నిషేధించిన నవల. మావాళ్ళను నవల నడిబొడ్డున నిలబెట్టినందుకు ఆయనకు దణ్ణం పెడతాను. కానీ సంగదాసు చచ్చిపోయినాక చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. బతికి నిలబడి, ఎదురు మాట్లాడే సంగదాసు నాకు కావల్ల. చచ్చినోని మీద కారే కన్నీళ్ళు చవక.

విక్టర్ హ్యూగో 1862లో రాసిన 'లే మిజరబుల్స్' వేరే రకంగా తగిలింది. మన సినిమావాళ్ళు 1950లో 'బీదలపాట్లు' అని తీసింది ఆ కథనే. పంతొమ్మిదేండ్లు జైల్లో మగ్గిన వాల్జీన్ బయటికొచ్చి ఒక ఊరు చేరతాడు. జేబులో నూటాతొమ్మిది ఫ్రాంకులున్నాయి. దొంగసొమ్ము కాదు, చాకిరీ చేసిన డబ్బు. కానీ చేతిలో పసుపుపచ్చ కాగితం. పూటకూళ్ళ ఇంట్లో అన్నం పెట్టరు, పడుకోనియ్యరు. కుక్కగూట్లో దూరితే కుక్క కూడా తరుముతుంది. డబ్బుండీ ఆకలితో వీధిలో నిలబడ్డ ఆ మనిషిని డిగ్రీ చదివేటప్పుడు చదివి జాలిపడ్డాను. జాలి ఎందుకో కోడుమూరుకు ఉద్యోగానికి వచ్చినాక అర్థమైంది.

బాడుగ ఇంటికోసం తిరిగినాను. మొదటి ఇంట్లో మంచినీళ్ళిచ్చినారు. "సారంటే మాకు భయమేముంది, నెల నెలా జీతం" అన్నారు. పంపు చూపించినారు, మిద్దె చూపించినారు. చెప్పులు తొడుక్కుంటా ఉంటే ఇంటాయప్ప, "ఏమనుకోవద్దు సారూ, మీరేమిటోళ్ళు?" అన్నాడు. చెప్పినాను. "మా తమ్మునోళ్ళు వస్తామంటాండారు సారూ, అడిగి చెప్తా." ఆ తమ్ముడు ఇంతవరకూ రాలేదు. రెండో ఇల్లు దేవునిగదికి ఆనుకోనుందంట. మూడో ఇంట్లో మాంసం తినేవాళ్ళకియ్యరంట, పక్క పోర్షన్‌లో కూర ఉడికే వాసన నాకే వస్తావుంది. అట్ల ఏడిండ్లు. వాల్జీన్‌కు కాగితం చూపిస్తే గానీ తెలీలేదు. మాకు కాగితం అక్కరలేదు.

కోడుమూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మావాళ్ళను గెలిపించి అసెంబ్లీకి పంపిన వీధులే ఇవి.

ఎనిమిదో ఇల్లు ఒక దూదేకుల అవ్వది. "కరెంటు బిల్లు నువ్వే కట్టుకోవల్ల నాయనా" అన్నది. ఇంకేమీ అడగలేదు. ఆమెను హ్యూగో బిషప్పుతో పోల్చను. ఆమె వెండి దీపస్తంభాలేమీ ఇయ్యలేదు, మూడు నెలల అడ్వాన్సు లెక్కపెట్టి తీసుకుంది. అదే నాకు నచ్చింది.

ఆ ఇంట్లోనే ప్రీమో లేవి పుస్తకం చదివినాను. ఇటలీలోని ట్యూరిన్ ఊరాయన, రసాయనశాస్త్రం చదివిన యూదుడు. 1944లో ఆష్‌విట్జ్ చంపుడు శిబిరానికి తోలినారు. పేరు తీసేసి చేతిమీద 174517 అని పొడిచినారు. 1945 జనవరి 27న రష్యా సైన్యం వచ్చేదాకా బతికి, ఇల్లు చేరి రాసినాడు. మొదట పెద్ద ప్రచురణకర్తలు వద్దన్నారు. 1947లో ఒక చిన్న సంస్థ రెండువేల అయిదొందల కాపీలు వేసింది. డిక్షనరీ పక్కనబెట్టుకోని ఇంగ్లీషులో చదవడానికి నాకు రెండు నెలలు పట్టింది. శిబిరంలో ఆయనకు ఒక కల మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇంటికి పోయినాడు, చెల్లెలు, స్నేహితులు చుట్టూ ఉన్నారు, పడిన బాధంతా చెప్తావున్నాడు. వాళ్ళు వినడం లేదు. వేరే సంగతులు మాట్లాడుకుంటున్నారు. చెల్లెలు లేచి పోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలకాడ తోటి ఉపాధ్యాయులకు లేవి కథ చెప్పినాను. అందరూ విన్నారు. ఒకాయనకు కళ్ళు చెమ్మగిల్లినాయి. "వాళ్ళు మనుషులేనా సార్!" అన్నాడు. ఆ మాట పట్టుకోని నేను ఏడిండ్ల సంగతి ఎత్తినాను. రెండో ఇంటికొచ్చేసరికి క్యారియర్ల మూతలు చప్పుడైతున్నాయి. "ఇప్పుడెక్కడుంది సార్ కులం? మీరు మనసులో పెట్టుకుంటారు గానీ" అన్నాడు, ఇందాక కళ్ళు తుడుచుకున్నాయనే. ఇంకొకాయన డీఏ బకాయిల సంగతి తీసినాడు. మూడో ఇంటి దగ్గర ఆపేసినాను.

వినకపోవడం ఒక రకం. చెప్పనియ్యకపోవడం ఇంకొక రకం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను వేటాడి చంపినాక, మిగిలినవాళ్ళు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కళ్ళారా చూసిన సాక్షి దుడ్డు అలీసమ్మ తర్వాత హత్యకు గురైంది. లేవి బతికొచ్చి రాసినాడు. అలీసమ్మ కోర్టులో చెప్పవలసిన మాటలు ఏ పుస్తకంలో చదవాల?

మా జేజికి వాళ్ళ అవ్వ ధాతు కరువు సంగతులు చెప్పేదంట. 1876–78 కరువు. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకీ 1881 లెక్కలకీ దాదాపు నాలుగో వంతు తగ్గింది. రోజుకు ఒక పౌను ధాన్యం కూలికి జనం చేత పని చేయించిన ప్రభుత్వం ఈ అంకెలైతే జాగ్రత్తగా రాసిపెట్టింది. నాగజెముడు పండ్లు తిని, ముండ్లు నాలిక్కి గుచ్చుకోని, మూణ్ణెల్లు మాట్లాడలేకపోయిన మా ముత్తవ్వ సంగతి అందులో లేదు. ఇది నేను రాస్తున్నాను కాబట్టి ఇక్కడుంది.

పోయిన ఎండాకాలం జేజి నా ఇల్లు చూడాలని వచ్చింది. బస్టాండుకు నేను పోలేకపోయినాను, అడుగుతా అడుగుతా తనే వచ్చింది. తలుపు తీస్తే గడప బయట నిలబడి ఉంది. మా తాత కుట్టిచ్చిన చెప్పులు చంకలో ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, సిమెంటు రోడ్డు. ఆ వీధంతా చెప్పులు చంకలో పెట్టుకోనే నడిచొచ్చింది. అరికాళ్ళు చూసినాను. ఏం మాట్లాడాలో తెలీక, "లోపలికి రా జేజీ" అన్నాను.

ఆమె నా వెనక నిలబడ్డ ఇంటామె వైపు చూసి, ఆమె తలూపినాక గడప దాటింది.