నల్ల పోగు

కొడకండ్ల మండలంలో సోషల్ టీచరుగా చేరిన మొదటి ఏడాది, కార్తీకంలో తొమ్మిదో తరగతి పిల్లాడు అయ్యప్ప మాల వేసుకుని బడికొచ్చాడు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, ఉత్త కాళ్లు. నలభై ఒక్క రోజుల దీక్ష. యూనిఫాం లేదని వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. మధ్యాహ్నం వాళ్ల నాయనమ్మ వచ్చింది. "సారూ, మాల తీయమంటరా, బడి మానుమంటరా?" ఆమె గొంతులో కోపం లేదు. నా దగ్గర జవాబు లేదు. పిల్లాడు మాత్రం పొద్దుటి నుంచి కిటికీలోంచి బోర్డు చూసి నోట్సు రాసుకుంటూనే ఉన్నాడు.

యూనిఫాం అంటే నాకిప్పటికీ గౌరవమే. తండ్రి భివండికి వలసపోయిన పిల్ల, ఎరువుల దుకాణం వాళ్ల పిల్ల ఒకే బెంచీ మీద ఒకే రంగులో కూర్చోవడం చిన్న విషయం కాదు. పేదరికం కనబడకూడదని తొడిగిన గుడ్డతోనే పిల్లల నోరు కట్టేస్తామా?

చాలా ఏళ్లకు, రాజ్యాంగం పాఠం కోసం వెతుకుతుంటే కేరళ కేసొకటి దొరికింది. 1985లో ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గానీ, తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. బట్టల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. కర్ణాటక హిజాబు కేసులో 2022 అక్టోబరులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. అమెరికాలోనైతే వియత్నాం యుద్ధం వద్దని చేతికి నల్లపట్టీ కట్టుకొచ్చిన పిల్లలను 1969లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. చదువుకు అడ్డం రాలేదు కదా అంది. ఆ మాట నాకు నచ్చింది.

నేను రిటైరయ్యే ముందటేడు లెక్కల సారు లేక ఐదు నెలలైంది. ఒక పొద్దున పదో తరగతి పిల్లలంతా మణికట్లకు నల్ల పోగులు కట్టుకొచ్చారు. ఇంట్లో మగ్గం దగ్గర మిగిలిన నూలు, నాలుగు పోగులు కలిపి పేనింది. చెమటకు రంగు చర్మానికి అంటుకుంది.

"సార్, విప్పాల్నా?" ముందు బెంచీ పిల్ల అడిగింది.

"ఎందుకు కట్టుకున్నరో కాగితం మీద రాయుండ్రి బిడ్డా."

రాశారు. అందరూ సంతకాలు పెట్టారు. నేనే తీసుకుపోయి పై ఆఫీసులో ఇచ్చాను. లెక్కల సారు వెంటనే రాలేదు. పోగులు వారం రోజులున్నాయి. రాసేటప్పుడు నోట్సుకు రంగంటకుండా కాస్త పైకి జరుపుకోమని మాత్రం చెప్పాను.