పక్షుల పటములకు కెమెరా యెన్నిక

పక్షుల పటములు తీయ నుత్సహించు సోదరీమణులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న, "ఏ కెమెరా కొనవలెను?" అని. మా యభిప్రాయమున ముందుగా విచారింపవలసినది లెన్సును గూర్చి. అంతకంటెను ముందు, దానిని మోయు చేతిని గూర్చి.

వెలుతురును గ్రహించు పెట్టెను బాడీ యందురు. దాని ముందు బిగించునది లెన్సు. కొన్ని యేండ్లకే క్రొత్త బాడీ వచ్చి పాతదానిని వెనుకకు నెట్టును. మంచి లెన్సు మాత్రము పదియేండ్లు దాటినను పని చేయును. కావున, ఇంటి వ్యయములలో మిగిల్చి కూడబెట్టిన సొమ్మున హెచ్చుభాగము లెన్సునకు పోవుటయే న్యాయము.

పెండ్లిండ్లలో పటములు తీయు లెన్సు పక్షులకు చాలదు. నాలుగువందల మిల్లీమీటర్లైనను కావలయును. సూళ్లూరుపేట చేరువనున్న నేలపట్టులో గూడబాతులు నీటి నడుమనున్న చెట్లపై గూళ్లు కట్టును. మనము మితిమీఱి దగ్గఱకు పోయితిమా, తల్లి లేచిపోవును; గ్రుడ్లు ఎండపాలో కాకులపాలో యగును. 1911లో ఇంగ్లండునందలి నార్ఫోకులో ఎమ్మా టర్నరను నామె కొంగజాతిదగు బిట్టర్ను పక్షిపిల్ల పటమును తీసి, ఆ దేశమున నశించినదనుకొన్న పక్షి మరల పిల్లలను చేయుచున్నదని లోకమునకు ఋజువు చూపెను. ఆ కాలమున ఇట్టి జూము లెన్సులు లేవు. గూటి దాపున మాటుగట్టి కూర్చుండుటే గతి. మన కా యగత్యము లేదు.

ఇక బరువు. నికాన్‌వారి 200–500 లెన్సు (2015) సుమారు 2,300 గ్రాములు. బాడీతో గూడ మూడు కిలోలు. కెనాన్‌వారి ఆరెఫ్ 100–400 (2021) 635 గ్రాములే. ఆర్10 వంటి చిన్న బాడీతో గూడ కిలోకు కొంచెము మీఱును. నీళ్లబిందెలు మోయు స్త్రీలకు మూడు కిలోలొక లెక్కయా యని మగవారు నవ్వుదురు. బిందె నడుముపై నిలుచును. కెమెరాను కంటి యెత్తున పట్టుకొని, కొంగ యెప్పుడెగురునా యని వేచియుండవలెను. ఆ భేద మెఱుగనివారి సలహా మాకక్కఱలేదు. ఒక దుకాణమున మేము ప్రశ్న వేయగా, వర్తకుడు మా ప్రక్కనున్న తమ్మునికి ప్రత్యుత్తరమిచ్చెను. పాపము, వానికి లెన్సుమూత తీయుటయే తెలియదు!

తేలికదనమునకు మూల్యము లేకపోలేదు. మొదటి లెన్సు ద్వారము అంతటను 5.6, రెండవది 400 చెంత 8. అనగా సగము వెలుతురే లోనికి వచ్చును. ఎగురు ఱెక్క స్పష్టముగా పడవలెనన్న సెకనులో రెండువేలవవంతు కాలమే కన్ను తెఱవవలెను. చేతి వణకు నాపు యంత్రము ఱెక్కల కదలిక నాపలేదు. తెల్లవాఱుజామున తేలిక లెన్సుతో తీసిన పటము ఇసుకచల్లినట్లు గఱుకుగా నుండవచ్చును. మేమైతే ఆ గఱుకును సహింతుము. మోయలేక ఇంట పెట్టిపోయిన లెన్సు ఒక్క పటమునైనను తీయదు గదా!

బాడీ విషయమున రెండు మాటలు చాలును. చిన్న సెన్సారు గల బాడీలలో 400 లెన్సు, పెద్ద సెన్సారుపై 600 లేక 640 చూపునంత దృశ్యమునే చూపును. ఇది నిజమైన పెంపు గాదు, అంచులు కత్తిరించుటయే. అయినను పక్షులకు లాభకరము, వెలయు తక్కువ. రెండవది, పక్షి కంటిని తానే కనిపెట్టి వెంటాడు నేర్పు. ఇది గల బాడీకి కొంత హెచ్చు చెల్లించినను దండుగ కాదు.

కొనుటకు ముందు రెండు కిలోల బియ్యపు మూటను కంటి యెత్తున పట్టి నూఱు లెక్కింపుడు. పెద్ద నగరములలో లెన్సులు దినపు టద్దెకును దొరకును. అక్టోబరు మొదలు మార్చి వఱకు నేలపట్టున గూడబాతుల సందడి. ఆ నడుమ రెండు దినములు అద్దె లెన్సుతో తిరిగి, సాయంకాలమున భుజము చెప్పుమాట విని, పిమ్మట సొమ్ము చెల్లింపవచ్చును.