అమీర్‌పేటలో జపాను బెల్టు

మైత్రీవనం దగ్గర కోచింగు సెంటర్ల బోర్డుల నడుమ దారి చేసికొంటూ నేనూ మా అబ్బాయీ ఒక పాత రిపేరు కొట్టు చేరాం. సంచిలో జపాను బొమ్మ బెల్టు. 1971లో అక్కడి టెలివిజనులో అవతరించిన కామెన్ రైడర్ వీరుడిది. చేసినవారు పాపీ కంపెనీ. పేరే పాపీ గాని పని పుణ్యాత్ములదే! బాటరీ వేస్తే నడుమ గాలిమర గిర్రున తిరిగి, దీపం వెలగాలి. బాటరీ కారి లోపలి రేకులు చిలుము పట్టాయి.

1980లలో దూరదర్శన్‌లో జెయింట్ రోబో చూచి, చేతిగడియారంతో మాట్లాడినవాణ్ణి నేను. చివర ఆ రోబో శత్రువును పట్టుకొని తనంతట తానే ఆకాశానికెగిరిపోతే అన్నం తినలేదు.

ముసలి మెకానిక్కు రేకులు గీకి చూచాడు. "కొత్త మోటారు వేస్తే ఇప్పుడే తిరుగుతుంది సార్. పాతదే కావాలంటే ఆశ పెట్టుకోకండి."

"పాతదే ఉండనీ నాన్నా," అన్నాడు మావాడు.

మెట్రో ఎక్కకుండా పంజాగుట్ట దాకా నడిచాం. దారిపొడుగునా వాడు సంచిలో చెయ్యిపెట్టి గాలిమరను వేలితో తిప్పుతూనే ఉన్నాడు.