కళల పునరుద్ధరణ: మా బస్తీ కోలాటం నుంచి ఇంగ్లిష్ కంట్రీ డ్యాన్స్ దాకా

మన నోట్స్‌లో కోలాటానికి దక్కేది ఒక్క లైను. ‘కోలాటం – ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, దాండియా – గుజరాత్’. జతపరచండి అని వస్తే మార్కు తెచ్చుకోవడానికి అది చాలు. మీలాగే నేనూ ఆ లైన్ కింద గీత గీసుకుని పేజీ తిప్పేశాను. కానీ ఎస్సే పేపర్లో సంస్కృతి, సంప్రదాయం, ఆధునికత మీద టాపిక్ వస్తే ఆ ఒక్క లైనుతో ఏం రాస్తాం? ‘మన ప్రాచీన కళలను పునరుద్ధరించాలి’ అని రాస్తాం. నేను కనీసం పది ప్రాక్టీస్ ఎస్సేల్లో ఈ వాక్యం రాశాను. పునరుద్ధరణ అంటే అసలు ఏం చేయాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చింది మా ఇంటి ముందే.

మాది సూరత్. లింబాయత్ వైపు మరమగ్గాల మధ్య ఉన్న తెలుగువాళ్ల బస్తీ. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ. మా తాత కూడా అలా వచ్చినవాడే. బతుకమ్మ, నవరాత్రి దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి కదా. సాయంత్రం మా వీధిలో పూల చుట్టూ చప్పట్లు కొడుతూ ఆడవాళ్లు తిరుగుతారు. రాత్రి పక్క గ్రౌండ్‌లో దీపం ఉన్న కుండ చుట్టూ, అమ్మవారి పటం చుట్టూ, గర్బా నడుస్తుంది. చిన్నప్పుడు మాకు రెండూ మావే.

బతుకమ్మ ఆట అయ్యాక మా నాయనమ్మ కోలలు తీసేది. కోలాటంలో ఒక్కో అడుగుల వరసను కోపు అంటారు. ఏ కోపు తర్వాత ఏది, ఎప్పుడు వేగం పెంచాలి అన్నీ ఆమె నోటి మీదే నడిచేవి. రెండేళ్ల క్రితం నేను ఆర్ట్ అండ్ కల్చర్ చదువుతున్న ఊపులో, ఇవన్నీ రాసి పెడదామని నోట్‌బుక్ పట్టుకుని ఆమె దగ్గర కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులతో మంచం మీదే కూర్చుని, రెండు గరిటెలు చేతిలోకి తీసుకుని చూపించింది. నేను రాసుకున్నాను. కుడి కొట్టు, ఎడమ కొట్టు, తిరుగు, పక్క మనిషికి పో. ఐదు కోపులు, మూడు పేజీలు.

‘గట్ల రాస్తే ఆట రాదు బిడ్డా, ఎగిరితేనే వస్తది’ అంది. నేను నవ్వాను. వీడియో తీద్దాం, ప్రిలిమ్స్ అయిపోనీ అనుకున్నాను. పోయిన ఏడు ఎండాకాలంలో నాయనమ్మ పోయింది.

ఆ దసరాకి మూడో కోపు దగ్గర ఆట ఆగిపోయింది. కుడికి తిరగాలని అమ్మ, ఎడమకని పక్కింటి పెద్దమ్మ. నా నోట్‌బుక్ తెచ్చారు. అందులో ‘తిరుగు’ అని మాత్రమే ఉంది. ఏ పక్కకి? ఏ కాలి మీద? కోల కొట్టాక తిరగాలా, కొడుతూ తిరగాలా? ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి సూరత్‌లోనే పుట్టి పెరిగిన పెద్దమ్మ కోడలు దాండియాలో వేసే తిప్పు ఒకటి వేసి చూపించింది. తాళానికి అతికింది. అందరూ అందుకున్నారు. ‘అది తప్పు, నాయనమ్మ అట్ల చేయలేదు’ అన్నాను నేను. ‘మరి ఎట్ల చేసేదో నువ్వు చెప్పు’ అంది అమ్మ.

నా దగ్గర మూడు పేజీలున్నాయి, జవాబు లేదు. ఇదే చిక్కు ఇంకెవరికైనా వచ్చిందా అని వెతికితే లండన్‌లో 1651లో అచ్చయిన ఒక పుస్తకం దొరికింది.

ప్లేఫోర్డ్ పుస్తకం

ఆ పుస్తకం పేరు ‘ది ఇంగ్లిష్ డ్యాన్సింగ్ మాస్టర్’. అచ్చువేసింది జాన్ ప్లేఫోర్డ్ అనే పుస్తక వ్యాపారి. సందర్భం గుర్తుంచుకోండి: రాజు చార్లెస్-1ను 1649లో ఉరికొయ్య కూడా కాదు, గొడ్డలికి అప్పగించిన కాలం, నాటకశాలలు 1642 నుంచి మూతపడి ఉన్నాయి. అలాంటి రోజుల్లో 105 నృత్యాలు, వాటి బాణీలతో ఈ పుస్తకం వచ్చింది. అప్పటికి మన సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ పెట్టి (1613) నలభై ఏళ్లు కావస్తోంది. ప్లేఫోర్డ్ తర్వాత అతని కొడుకు, ఆ తర్వాత మరొకరు మార్పులు చేస్తూ, కొత్త నృత్యాలు కలుపుతూ 1728 ప్రాంతం దాకా 18 ముద్రణలు వేశారు.

కంట్రీ డ్యాన్స్ అంటే ఒకరు ఆడుతుంటే మిగతావాళ్లు చూసేది కాదు, అందరూ కలిసి ఆడేది. కొన్ని గుండ్రంగా, కొన్ని నలుచదరంగా ఆడతారు. తర్వాతి కాలంలో బాగా నిలిచింది మాత్రం ఎదురెదురుగా రెండు వరసలు కట్టి ఆడే పద్ధతి. పక్క జంటతో ఒక వరస ఆడి, ఒక్కో స్థానం జరిగి, కొత్త జంటతో మళ్లీ అదే వరస. దాండియా ఆడినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కోల కొట్టి, తిరిగి, పక్క మనిషి ముందుకు పోవడమే.

ప్లేఫోర్డ్ పుస్తకం ఎవరు ఎటు వెళ్లాలో చెబుతుంది. ముందుకు నాలుగు అడుగులు, వెనక్కి నాలుగు, జతతో చేయి కలిపి తిరుగు, చోటు మార్చుకో. కానీ పాదం ఎలా వేయాలి, మోకాలు ఎంత వంచాలి, చేయి ఎంత ఎత్తులో ఉండాలి అన్నవి దాదాపు చెప్పదు. కొన్నవాళ్లకి అవి ముందే తెలుసు కాబట్టి రాయాల్సిన అవసరం రాలేదు. నా నోట్‌బుక్‌లో ‘తిరుగు’ అన్న మాటకీ దీనికీ పెద్ద తేడా లేదు. నేను రాసేటప్పుడు నాయనమ్మ ఎదురుగానే ఉంది మరి.

సెసిల్ షార్ప్ ఏం చేశాడు?

19వ శతాబ్దంలో క్వాడ్రిల్, వాల్ట్జ్, పోల్కా వచ్చి నగరాల డ్యాన్స్ హాళ్లలో పాత కంట్రీ డ్యాన్స్‌ను పక్కకి నెట్టాయి. పల్లెల్లో ఏదో ఒక రూపంలో మిగిలింది. ఇక్కడ వస్తాడు సెసిల్ షార్ప్ (1859–1924), సంగీతం మాస్టారు. 1899 క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్ క్వారీ ఊరివాళ్లు మోరిస్ అనే మరో రకం నృత్యం చేయడం చూశాడు. నిజానికి అది ఆ ఆట కాలం కాదు. చలికి పనులు ఆగిపోయి, నాలుగు డబ్బులు వస్తాయని బయటికి వచ్చారు. వాళ్లలో విలియం కింబర్ అనే తాపీ మేస్త్రీ వాయించిన బాణీలను షార్ప్ రాసుకున్నాడు. పేదరికం వల్ల వీధిలోకి వచ్చిన ఆట ఒక జాతీయ ఉద్యమానికి మొదలైంది.

తర్వాత షార్ప్ కంట్రీ డ్యాన్స్ మీద పడ్డాడు. 1909లో పల్లెల్లో సేకరించినవాటితో ఒక పుస్తకం, 1911లో ప్లేఫోర్డ్ నృత్యాలకు తన వివరణతో రెండో భాగం వేశాడు. అదే 1911లో ఇంగ్లిష్ ఫోక్ డ్యాన్స్ సొసైటీ పెట్టాడు. స్కూళ్లలోకీ ఈ నృత్యాలు వెళ్లాయి. ఆయన లేకపోతే వాటిలో చాలావరకు లైబ్రరీ కాగితాలుగానే మిగిలేవి. ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

కానీ ప్లేఫోర్డ్ వదిలేసిన ఖాళీలను నింపింది షార్పే. అడుగు ఎలా వేయాలి, ఒళ్లు ఎలా నిలపాలి అన్న చాలా నిర్ణయాలు ఆయనవి. పల్లెవాళ్లు అప్పటికే వాల్ట్జ్, పోల్కా కూడా ఆడుతున్నా, ‘అసలైన’ ఇంగ్లిష్ నృత్యం అనుకున్నదాన్నే ఏరుకున్నాడు. లండన్‌లో పేద కుట్టుపని అమ్మాయిల క్లబ్ నడిపిన మేరీ నీల్‌తో ఆయనకి పేచీ వచ్చింది కూడా ఇక్కడే. ఆటలో ఉత్సాహం ముఖ్యమని ఆమె, ఖచ్చితత్వం ముఖ్యమని ఈయన. అది చదివాక మూడో కోపు దగ్గర నేను అన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజు మా వీధిలో షార్ప్‌ని నేనే. అదీ ఆయనలో వెయ్యో వంతు శ్రమ పడకుండా.

మన దగ్గర పేరిణి

ఇప్పుడు సిలబస్‌లోకి వద్దాం. కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దం మధ్యలో సంస్కృతంలో ‘నృత్త రత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాలు, మొదటి నాలుగు మార్గ నృత్యానికి, తర్వాతి నాలుగు దేశి నృత్యాలకు. పేరిణి అక్కడ దేశిలో ఉంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి శిల్పాల్లో నర్తకులు, వాద్యకారులు ఉన్నారు. కాకతీయుల తర్వాత పేరిణి ఆడేవాళ్లు లేకుండా పోయారు. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్లీ రంగస్థలం మీదకి తెచ్చారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. శిల్పం ఒక భంగిమను చూపిస్తుంది. ఆ భంగిమ నుంచి తర్వాతి భంగిమకి ఒళ్లు ఎలా వెళ్లిందో రాయి చెప్పదు. ఆ మధ్య దూరం నటరాజ రామకృష్ణ దాటించినది. మరి పేరిణి ఏ కాలపు నృత్యం? 13వ శతాబ్దం అని మాత్రమే రాస్తే సగం జవాబు. 20వ శతాబ్దం అని మాత్రమే రాసినా సగమే. పునరుద్ధరించిన ప్రతి కళకూ రెండు తేదీలుంటాయి. రెండో తేదీ వెనక ఒక మనిషి, ఆ మనిషి చేసిన ఎంపికలు ఉంటాయి. అలా రాయడం వల్ల కళ విలువ తగ్గదు, ఆ మనిషి శ్రమ కనిపిస్తుంది.

ఎంపికలున్న చోట నష్టపోయినవాళ్లూ ఉంటారు. భరతనాట్యం తీసుకోండి. 1930లలో సదిర్ కొత్త పేరుతో, కొత్త గౌరవంతో సభల్లోకి వచ్చింది. రుక్మిణీదేవి 1936లో కళాక్షేత్ర స్థాపించారు. 1947 మద్రాస్ చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించింది. ఒక దురాచారం ఆగింది. కానీ ఆ నాట్యాన్ని తరాలుగా కాపాడిన కుటుంబాల ఆడవాళ్లు చాలామంది వేదికకి దూరమయ్యారు. మన కళావంతుల కథ కూడా ఇదే. ఆంధ్రనాట్యం విషయంలో నటరాజ రామకృష్ణ అలాంటి వృద్ధ నర్తకుల దగ్గరికే వెళ్లి నేర్చుకున్నారన్నది మరిచిపోకండి.

జవాబులో ఎలా వాడాలి?

నేను ఇప్పుడు ఏ కళ గురించి రాయాల్సి వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఎవరు రాసి పెట్టారు? ఏది రాయకుండా వదిలేశారు? ఆ ఖాళీని ఎవరు, ఎవరి కోసం నింపారు? ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు? ఈ నాలుగింటికీ ఒక్కో ఉదాహరణ ఇస్తే ‘పునరుద్ధరించాలి’ అన్న ఖాళీ వాక్యం మీ ఎస్సేలో ఉండదు.

ఇంకో పాయింట్. రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుజరాత్ గర్బా 2023లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. జాబితాలు వేరు, ఒప్పందాలూ వేరు: మొదటిది 1972, రెండోది 2003. ప్రిలిమ్స్‌కి ఈ తేడా చాలు. మెయిన్స్‌కి ఇంకో అడుగు వేయాలి. గుడిని కాపాడటమంటే ఉన్నది చెడకుండా చూడటం. అమూర్త వారసత్వాన్ని మాత్రం సమాజాలు నిరంతరం తిరిగి సృష్టించుకుంటూ ఉంటాయని 2003 ఒప్పందం నిర్వచనంలోనే ఉంది. అంటే ఆటలో మార్పు రావడం తప్పు కాదు. ఆడేవాళ్లు లేకపోవడమే ప్రమాదం. ప్లేఫోర్డ్ నృత్యాలు ఆడే గ్రూపులు ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఈ రోజుకీ ఉన్నాయి. పాతవాటితో పాటు కొత్తవి కూర్చుకుంటూనే ఉన్నాయి.

అలాగని రాసి పెట్టడం వృథా అనడం లేదు. ప్లేఫోర్డ్ రాయకపోతే షార్ప్‌కి నింపడానికి ఖాళీ కూడా మిగిలేది కాదు. రాసేటప్పుడు అడగాల్సినవి అడగాలి. నేను అడగలేదు. ‘ఏ పక్కకి నాయనమ్మా?’ అన్న ఒక్క ప్రశ్నకి పది సెకన్లు పట్టేది. ప్రిపరేషన్ పేరుతో మనం వాయిదా వేసేవాటిలో కొన్ని అటెంప్టుల లాంటివి కావు, రెండోసారి రావు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఈ ఆదివారం ఒక గంట పుస్తకం మూసేయండి.

మా నోట్‌బుక్‌లో మూడో కోపు దగ్గర ఇప్పుడు ఇలా ఉంది: ‘తిరుగు. ఏ పక్కకో నాయనమ్మని అడగలేదు. పెద్దమ్మ కోడలు వేసిన తిప్పు: ఎడమ పాదం మీద, కోల కొట్టాక, కుడికి.’ పక్కన తేదీ కూడా వేశాను. ఈ దసరాకి అలాగే ఆడతాం.