రెండు 403లు

సెషన్ బార్డర్ కంట్రోలర్ అంటే మా దఫ్తర్ ఫోన్లకు దర్బాన్. ఏ గేట్‌వేని లోపలికి రానివ్వాలో ట్రంక్ గ్రూపులో దాని ఐపీతో సహా రాసిపెట్టాలి. రాయని ఐపీ నుంచి కాల్ వస్తే మాది 403 అని మొహం మీదే దర్వాజా వేసేస్తుంది. 503 అంటే అవతలివాళ్లు ఇంకో దారి వెతుకుతారు గానీ, 403కి చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఆ రాత్రి రెండో గేట్‌వే కలిపాను. అది కాల్స్ తీసుకునే ఐపీ ఒకటి, పంపే ఐపీ మరొకటి. నేను మొదటిదే రాశాను. బయటికి చేసి చూస్తే కాల్స్ వెళ్లాయి. షుకర్ అనుకుని చాయ్‌కి పోయాను. లోపలికొచ్చే కాల్ పరీక్షించే ఖయాలే రాలేదు.

డ్యూటీలో సెల్లు బయటే పెట్టాలి. అమ్మీకి నా బల్లమీది నంబరే దిక్కు. ఫజర్ వేళకి మోగింది.

"బేటా, అబ్బాకి షుగర్ పడిపోయింది. శర్బత్ తాపించాను, ఇప్పుడు ఖైర్. రెండుసార్లు కొట్టినా కట్టయిపోయిందేమిరా?"

లాగు తెరిచాను. కొత్త గేట్‌వే మీదుగా రెండు 403లు, పక్కన మా ఇంటి నంబరు. ఐపీ చేర్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

లైన్ ఖరాబైందని చెప్పాను. ఇప్పటికీ అమ్మీ ఆ టెలిఫోన్ వాళ్లనే తిడుతుంది.